స్టీమ్ కవర్ ఆర్ట్ ముందు 120×45లో గీయండి, పెద్ద బొమ్మ సంగతి తర్వాత

గాజువాక నుంచి అడిగిన తమ్ముళ్లకి చెప్తున్నా. ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి గుహల్లో టార్చ్ పట్టుకుని తిరిగే పిక్సెల్ ఆర్ట్ (చిన్న చిన్న గళ్ళతో గీసిన బొమ్మల) గేమ్ చేశారు, పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో పేజీ పెట్టాలి, స్క్రీన్‌షాట్ మీద పేరు రాసి పెట్టేస్తే సరిపోతుందా లేక ఆర్టిస్ట్‌కి డబ్బులిచ్చి గీయించుకోవాలా, అసలు అందులో ఏముండాలి అని కదా మీ ప్రశ్న. నేను ఎంవీపీ కాలనీలో ఉంటాను, ఫ్రీలాన్స్ ఇలస్ట్రేటర్‌ని, చిన్న చిన్న టీమ్‌లకి స్టోర్ బొమ్మలు గీయడమే ఇప్పుడు నా ప్రధాన పని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

కవర్ అనగానే అందరూ లాప్‌టాప్ స్క్రీన్ నిండా ఊహించుకుంటారు. కొనేవాళ్ళు మొదట చూసేది అలా ఉండదు. స్టీమ్ సెర్చ్ లిస్టులో కనిపించే బొమ్మ 120×45 పిక్సెల్స్, అంతే. స్టోర్‌లో కనిపించే కవర్ బొమ్మల్ని స్టీమ్ క్యాప్సూల్ అంటుంది, మీరు స్మాల్ క్యాప్సూల్ 462×174లో అప్‌లోడ్ చేస్తే దాన్నే స్టీమ్ కుదించి అక్కడ పెడుతుంది. గేమ్ పేజీ పైన ఉండే హెడర్ 920×430, మెయిన్ క్యాప్సూల్ 1232×706, నిలువుది 748×896, కొన్న గేమ్‌లు కనిపించే లైబ్రరీది 600×900, ఇలా చాలా సైజులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో చోటు. కానీ ముక్కూమొహం తెలియని మనిషి మీ గేమ్‌ని మొదటిసారి చూసేది ఆ గోరంత బొమ్మలోనే, అందుకే నేను ఏ పనైనా 120×45 కాన్వాస్ ఓపెన్ చేసి నలుపు తెలుపుల్లో మొదలుపెడతా, రంగులు తర్వాత. అక్కడ ఒక ఆకారం, ఒక పేరు, ఈ రెండూ చదవగలిగితేనే పెద్ద సైజుకి వెళ్తా.

ఒక పని ఎలా జరిగిందో చెప్తా. ఇక్కడి టీమ్ ఒకటి ఫిషింగ్ హార్బర్ నేపథ్యంగా గేమ్ చేసింది, మీరు బోటు సరంగు, రాత్రి వేటకి వెళ్లాలి, వల లాగాలి, తెల్లారేలోపు ఒడ్డుకి రావాలి. వాళ్ళకి కవర్‌లో బోటు కావాలి, సముద్రం కావాలి, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ కావాలి, దాని మీద లైట్‌హౌస్, ముగ్గురు క్యారెక్టర్లు కూడా. కొండ పెట్టాలన్న వాళ్ళ ప్రేమ నాకు అర్థమైంది, వైజాగ్ వాడికి ఆ కొండ అంటే అలాగే ఉంటుంది. కానీ చిన్న సైజ్‌లో చూస్తే నీలం మీద నీలం తప్ప ఏమీ మిగలట్లేదు. అందుకని ముగ్గుర్లో ఒకడినే ఉంచి, నడుం దాకా పెద్దగా గీసి, చేతిలో లాంతరు పెట్టి వాళ్ళకి పంపే ముందు ఫోన్‌లో రైతు బజార్ దగ్గర టీ కొట్టు కుర్రాడికి చూపించా, ఒక్క సెకను చూపించి ఫోన్ తిప్పేసి ఇది ఏం గేమ్ అనుకుంటున్నావు అని అడిగా. "ఏటన్నా, దెయ్యాల గేమా?" అన్నాడు. చీకటి, లాంతరు, కింద నుంచి మొహం మీద వెలుగు, ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ కుర్రాడి మాటతో మొత్తం మారింది. లాంతరు పక్కన పెట్టి రెండు చేతులా వల లాగుతున్న మనిషిని పెట్టా, వలలో వెండి రంగు చేపలు, ఆకాశంలో తెల్లారుజాము నారింజ. కొండ కూడా ఉంది, హెడర్‌లో ఎడమ పక్క చిన్న నీడలా, చిన్న సైజ్‌లో తీసేశా. ఈసారి ఎవరికి చూపించినా చేపల గేమ్ అన్నారు.

అందుకే నా మాట ఒకటే, కవర్ చూసిన మనిషికి ఈ గేమ్‌లో నేను ఏం చేస్తాను అన్నది తెలియాలి. కథ తెలియక్కర్లేదు. మన దగ్గర చాలామంది సినిమా పోస్టర్ పద్ధతిలో హీరో మొహం పెద్దగా పెడదామంటారు. జగదాంబ దగ్గర కటౌట్‌లో మొహం ఒక్కటే ఉన్నా పని జరుగుతుంది ఎందుకంటే ఆ హీరో ఎవరో ఊరంతా ముందే తెలుసు. మీ గుహల కుర్రాడు ఎవరికీ తెలీదు కదా. బలాత్రో అనే గేమ్ చూడండి, 2024లో వచ్చింది, పేరు దగ్గరే పేక ముక్క, జోకర్, వెనక తిరిగే రంగులు, ఆడని వాళ్ళకి కూడా పేకాట గేమ్ అని క్షణంలో అర్థమైపోతుంది. మీ దాంట్లో టార్చ్ వెలుగు కోసుకుంటూ వెళ్తున్న చీకటి ఉండాలి, వెలుగు పడిన చోట ఏదో ఒకటి ఉండాలి. అది ఏంటన్నది మీ గేమ్‌ని బట్టి.

చీకటి గేమ్ కాబట్టి ఇంకో జాగ్రత్త. స్టీమ్ స్టోర్ బ్యాక్‌గ్రౌండ్ ముదురు నీలం, మీ కవర్ అంచులు కూడా నల్లగా ఉంటే బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలీదు. టార్చ్ వెలుగుని ఒక అంచు దాకా తాకించండి లేదా గుహ రాళ్ళకి కాస్త వెచ్చటి రంగు ఇవ్వండి. స్టీమ్‌లో మీ ట్యాగ్ (గేమ్ ఏ రకమో చెప్పే మాట) సెర్చ్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి అందులో మీ బొమ్మ అతికించి చూడండి, పక్క గేమ్‌ల మధ్య కలిసిపోతోందా లేదా అక్కడికక్కడే తేలిపోతుంది.

పేరు సంగతి. తెలుగు లిపిలో పెట్టాలని ఉంటే నాకూ ఇష్టమే, కానీ మన అక్షరాలకి పైన గుడి, కింద వత్తులు ఉంటాయి, స్త్రీ, క్ష్మి లాంటివి ఒక్క అక్షరమే ఎత్తు మొత్తం తినేస్తుంది, 45 పిక్సెల్స్‌లో అసలు అక్షరానికి మిగిలేది సగం. వత్తుల్లేని పొట్టి పేరైతే హాయిగా కూర్చుంటుంది. వత్తు ఉంటే దాన్ని కిందకి వేలాడదీయకుండా పక్కకి జరిపి గీయించండి, రెడీమేడ్ ఫాంట్ టైప్ చేస్తే ఈ పని జరగదు, చేత్తో గీయాల్సిందే. ఇంగ్లీషు అక్షరాలైనా సన్న గీతలు వద్దు. చిన్న క్యాప్సూల్‌లో లోగో దాదాపు మొత్తం ఆక్రమించినా పర్లేదు, అక్కడ బొమ్మ కంటే పేరే ముఖ్యం.

స్టీమ్ రూల్ కూడా ఉంది, 2022 సెప్టెంబర్ నుంచి క్యాప్సూల్ మీద గేమ్ బొమ్మ, పేరు, అఫీషియల్ సబ్‌టైటిల్ తప్ప ఇంకేం రాయకూడదు, రివ్యూ మార్కులు, అవార్డులు, డిస్కౌంట్ మాటలు అన్నీ నిషేధం. లైబ్రరీ హీరో అని 3840×1240 బ్యానర్ ఒకటి అడుగుతుంది, దాని మీద అసలు అక్షరాలే ఉండకూడదు, లోగో వేరే పీఎన్‌జీగా ఇవ్వాలి.

ఇక స్క్రీన్‌షాట్ సరిపోతుందా అంటే, నా ఉద్దేశంలో సరిపోదు. పిక్సెల్ ఆర్ట్ కుదించగానే మసకైపోతుంది. సెలెస్ట్ గేమ్‌లో ఆడే భాగం పిక్సెలే, కవర్ మాత్రం గీసిన ఇలస్ట్రేషన్, అలా చేయడంలో మోసమేమీ లేదు, లోపల కనిపించే మనిషి, రంగులు, వాతావరణం అవే ఉంటే చాలు. డబ్బులు నిజంగా లేకపోతే మీరే గీసుకోండి, కానీ కవర్ కోసమే పెద్దగా కొత్తగా గీయండి. ఏఐతో చేయించాలనుకుంటే గేమ్‌లో ఏఐ వాడకం గురించి 2024 జనవరి నుంచి స్టీమ్ అడుగుతోంది, మీరు చెప్పింది పేజీలో కొనేవాళ్ళకి కనిపిస్తుంది. నేనైతే వద్దంటాను, మీరు ఎంతో ఇష్టంగా కట్టుకున్న గుహకి ముఖద్వారం వేరెక్కడిదో తెచ్చి పెట్టినట్టు ఉంటుంది.

ఆర్టిస్ట్‌ని పెట్టుకుంటే డబ్బులు మాట్లాడే ముందే ఇవి రాతలో తీసుకోండి: లేయర్లు విడివిడిగా ఉన్న పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైల్) మీకిస్తారా, మనిషి, బ్యాక్‌గ్రౌండ్, లోగో వేరువేరు లేయర్లేనా, పోస్టర్, టీషర్ట్ మీద వాడుకునే హక్కు ఉందా. లేయర్లు ఎందుకంటే 462×174 బాగా అడ్డంగా సాగిన పట్టీ, 600×900 నిలువు, ఒకే బొమ్మ కత్తిరిస్తే రెండింట్లో ఒకదాంట్లో తల పోతుంది. బ్యాక్‌గ్రౌండ్ నాలుగు వైపులా ఎక్కువ గీయమనండి.

రిలీజ్‌కి కనీసం 2 వారాల ముందు కమింగ్ సూన్ పేజీ ఉండాలన్నది స్టీమ్ నిబంధన, మీరు నెలల ముందే పెట్టండి, విష్‌లిస్ట్‌లు (తర్వాత కొందామని జనం దాచుకునేవి) పోగవడానికి టైమ్ కావాలి. నచ్చకపోతే కవర్ తర్వాత మార్చుకోవచ్చు. రెండు కవర్లు ఒకేసారి పెట్టి పోల్చే ఏర్పాటు స్టీమ్‌లో లేదు, ట్రాఫిక్ రిపోర్ట్‌లో ఎంతమందికి కనిపించింది, ఎంతమంది నొక్కారు అన్నది మార్చక ముందు, మార్చాక చూసుకోవాలి. సేల్ నడిచే వారంతో మామూలు వారాన్ని మాత్రం పోల్చకండి.

ఇంట్లో వాళ్ళకి చూపించి బాగుందా అని అడగొద్దు, బాగుందనే అంటారు పాపం. తెలియని వాళ్ళకి చూపించి ఏం గేమ్ ఇది అని మాత్రమే అడగండి.

మీ స్క్రీన్‌షాట్లు రెండు మూడు, పేరు ఏ లిపిలో పెడుతున్నారో ఇక్కడ పెట్టండి, 120×45లో స్కెచ్ వేసి చూపిస్తా.