రేడియేషన్ తీసుకోబోయే రోగికి యాంటీఆక్సిడెంట్లు మేలా, ఓజోన్ చికిత్స మేలా?

మీ మామగారికి బుగ్గ లోపల క్యాన్సర్ అని తేలి, త్వరలో రేడియేషన్ మొదలుకానున్న సమయంలో, పర్లాకిమిడిలో ఒకరు యాంటీఆక్సిడెంట్లంటూ విటమిన్ ఇ, సెలీనియం మాత్రలతో పాటు విటమిన్ సి సెలైన్ ఎక్కించుకోమన్నారనీ, మరొకరు ఓజోన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ చికిత్స చేస్తామన్నారనీ రాసి, రెండింటిలో ఏది మేలని అడిగారు. రేడియేషన్ పూర్తయ్యేవరకు రెండూ వద్దన్నదే నా సమాధానం. నేను వైద్యుణ్ణి కాను. బరంపురంలో మా మేనత్తకు అంగిట్లో క్యాన్సర్ వచ్చినప్పుడు దగ్గరుండి చూసుకున్నవాణ్ణి. మా తీరంలోని ఎందరో ఆడవాళ్లలాగే ఆమె కూడా వయసులో ఉన్నప్పటి నుంచి అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగేది. అప్పుడు మాకూ అచ్చంగా ఈ రెండు సలహాలే వచ్చాయి.

ముందుగా గమనించవలసినది, ఈ రెండు సలహాలూ ఒకదానినొకటి కొట్టివేస్తాయి. మొదటి వర్గం వారు ఫ్రీ రాడికల్స్ అనే, కణాలను గాయపరిచే చురుకైన అణువులు శరీరాన్ని దెబ్బతీస్తున్నాయి కనుక వాటిని అణచాలంటారు; 1956లో అమెరికా శాస్త్రవేత్త డెన్‌హామ్ హార్మన్ వృద్ధాప్యం గురించి ప్రతిపాదించిన సిద్ధాంతం వారికి ఆధారం. రెండో వర్గం వారు క్యాన్సర్ కణం ఆక్సిజన్‌ను తట్టుకోలేదు కనుక ఆక్సీకరణను, అంటే ఆక్సిజన్ వంటివి కణాలను రసాయనికంగా దహించే చర్యను, పెంచాలంటారు. 1931లో నోబెల్ బహుమతి పొందిన జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ పేరు చెబుతారు. నిజానికి శరీరానికి రెండూ కావాలి. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపేది చాలావరకు ఆక్సీకరణతోనే, ఆ మంట తమ కణాలకు అంటుకోకుండా చూసేది గ్లూటాథయోన్ వంటి యాంటీఆక్సిడెంట్లే. అందువల్ల ఏది గొప్పదని కాక, ఏ రోగికి, ఏ సమయంలో, ఎంత మోతాదులో అని అడగాలి.

రేడియేషన్ క్యాన్సర్ కణాన్ని చంపేది చాలావరకు ఫ్రీ రాడికల్స్ పుట్టించడం ద్వారానే. అదే సమయంలో పెద్ద మోతాదు యాంటీఆక్సిడెంట్లు మింగితే అవి మంచి కణంతో పాటు క్యాన్సర్ కణాన్ని కూడా కాపాడే ప్రమాదం ఉంది. ఇది కేవలం ఊహ కాదు. కెనడాలోని క్విబెక్‌లో తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకున్న 540 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2005లో వెలువడ్డాయి. విటమిన్ ఇ తీసుకున్నవారిలో, మాత్రలు వాడినన్నాళ్లూ రెండో క్యాన్సర్లు ఎక్కువగా వచ్చాయి, తరువాతి లెక్కల్లో మరణాలు కూడా వారిలోనే ఎక్కువగా కనిపించాయి. పొగతాగేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం: ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగి, 1994లో ఫలితాలు వెలువడిన పరీక్షలో రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (ఇదీ యాంటీఆక్సిడెంటే) తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. మా మేనత్త బలం కోసం వాడుతున్న మాత్రలను రేడియేషన్ డాక్టరు మొదటి రోజే ఆపించారు.

విటమిన్ సి సెలైన్ సంగతి వేరు, దీని గురించి మీకు ఎవరూ చెప్పి ఉండరని నా అనుమానం. నోటి ద్వారా తీసుకుంటే రక్తంలో దాని స్థాయి ఒక హద్దు దాటదు. అదే నరానికి పెద్ద మోతాదులో ఎక్కిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టించి, ఆక్సీకరణను పెంచే మందుగా పనిచేస్తుంది. అంటే మీకు యాంటీఆక్సిడెంట్ అని చెప్పి ఇవ్వబోతున్నది రెండో వర్గం చికిత్సే. ఒడిశాలోని మన గజపతి, రాయగడ, కోరాపుట్ వంటి మలేరియా ప్రాంతాలలో, ఎర్ర రక్తకణాలను ఆక్సీకరణ నుంచి కాపాడే జి6పిడి ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవారు చాలామంది ఉంటారు. వారికి ఇలాంటి మోతాదు ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మీ మామగారికి గతంలో మలేరియాకు ప్రైమాక్విన్ వాడినప్పుడు మూత్రం నల్లగా రావడం, కామెర్లు కనిపించడం జరిగిందేమో అడగండి. షుగరు ఉంటే ఇంకొక చిక్కు: ఈ సెలైన్ తరువాత వేలి చుక్కతో చూసే మీటరు, లేని షుగరును ఉన్నట్టు చూపించవచ్చు, దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇస్తే ప్రమాదం.

ఓజోన్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అది పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిబంధనల్లో దానికి తెలిసిన వైద్య ప్రయోజనం లేదనే ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నరానికి ఎక్కిస్తే రక్తనాళంలో వాయు బుడగలు ఏర్పడి ప్రాణం పోవచ్చు, 35 శాతం ద్రావణం తాగితే గొంతు, కడుపు కాలిపోతాయి. కణితికి ఆక్సిజన్ అందితే రేడియేషన్ బాగా పనిచేస్తుందన్నది నిజమే. కానీ ఆరోగ్యవంతుని ఎర్ర రక్తకణాలు ఎలాగూ దాదాపు నిండుగా ఆక్సిజన్ మోస్తూనే ఉంటాయి. లోపం కణితిలోని రక్తనాళాలది.

అన్నంతో పాటు తినే ఆకుకూరలు, పండ్లను ఆపనవసరం లేదు. నోటిలో పుండ్లు పడ్డాక ఉసిరి, నిమ్మ మాత్రం మండిస్తాయి. మా మేనత్త రాగి జావ, మెత్తటి పప్పన్నం, మజ్జిగతో నెట్టుకొచ్చింది, ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో రోజుకు చాలాసార్లు పుక్కిలించేది. మీ మామగారు వాడే ప్రతి మాత్ర, చూర్ణం, లేహ్యం సంచిలో వేసుకుని రేడియేషన్ డాక్టరుకు చూపించండి. ఓజోన్‌కు పెట్టదలచిన డబ్బుతో, రేడియేషన్ మొదలవ్వకముందే పళ్ల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి, తీయవలసిన పళ్లు ఉంటే తీయించండి. ఆ తరువాత తీస్తే దవడ ఎముక గాయం మానడం చాలా కష్టం.