కామన్ లా ‘సాధారణ’ చట్టమేనా?

సందేహం: ఒక పత్రికలో ‘కామన్ లా’ను ‘సాధారణ చట్టం’ అన్నారు. లా చదువుతున్న మా అబ్బాయి అది తప్పంటాడు. ‘ఉమ్మడి చట్టం’ అనవచ్చా? అసలు ఆ పేరెలా వచ్చింది?

సమాధానం: కోర్టు తీర్పుల్లోంచి పెరిగిన ఇంగ్లండు న్యాయాన్ని ‘కామన్ లా’ అంటారు. మీ అబ్బాయి మాట నిజమే. అయితే తప్పు ‘సాధారణ’ది కాదు, దాన్ని అరగదీసిన మనది. సంస్కృతంలో సాధారణమంటే నలుగురికీ సమానంగా చెందేది. ‘మితాక్షర’ అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యానం రాసిన విజ్ఞానేశ్వరుడు ధర్మాన్ని ఆరు రకాలుగా విడదీసి, అహింస వంటివి అందరికీ ఒక్కటే కనుక వాటిని సాధారణ ధర్మం అన్నాడు. ఆ మితాక్షరనే 13వ శతాబ్దంలో మన కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించాడు. అప్పులూ సాక్షులూ అన్నదమ్ముల వాటాలూ పద్యాల్లోకి దించిన ఘనుడాయన! తిక్కన కాలంవాడు. న్యాయశాస్త్రాన్ని తెలుగు చేయబూనిన ప్రతివారూ ముందు ఆయనకు దండం పెట్టుకోవాలి. ‘సర్వసాధారణం’లో ఆ పాత అర్థం ఇప్పటికీ దాగి ఉంది. కానీ ‘మామూలు’ అనాల్సిన చోటల్లా ‘సాధారణ’ వాడీ వాడీ, ఇవాళ ‘సాధారణ చట్టం’ అంటే ‘ఏ ప్రత్యేకతా లేని చట్టం’ అని వినిపిస్తోంది. అనువాదకులు కాస్త ఆగి ఆలోచించవద్దా?

ఇక కామన్ లాకు ఆ పేరెలా వచ్చిందంటే, ఇంగ్లండులో ఒకప్పుడు ఏ ప్రాంతం ఆచారం ఆ ప్రాంతానిదే. 1066లో నార్మన్లు గెలిచాక, ముఖ్యంగా రెండో హెన్రీ (1154–89) కాలంలో, రాజుగారి న్యాయమూర్తులు ఊరూరా తిరిగి తీర్పులు చెప్పారు. ఒకచోటి తీర్పు ఇంకోచోట ఆధారమై, క్రమంగా రాజ్యమంతటికీ ఒకే న్యాయం ఏర్పడింది. అందుకే అది ‘కామన్’. ఈ మాట ఫ్రెంచి మీదుగా వచ్చిన లాటిన్ ‘కమ్యూనిస్’. దాని అర్థమూ ‘అందరిదీ’ అనే. అదీ మన ‘సాధారణ’లాగే తర్వాత ‘మామూలు’ అర్థంలోకి జారింది.

ఇక ‘చట్టం’. చట్టసభ చేసినదే మనకు చట్టం. కామన్ లా తీర్పుల్లోంచి పెరిగింది. మన దేశంలో ఒకరి నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవారు పరిహారం కోరే టార్ట్ దావాలు చాలావరకు నేటికీ దాని మీదే నడుస్తాయి. ‘ఉమ్మడి’ కుదిరినా ‘చట్టం’ కుదరదు కాబట్టి ‘ఉమ్మడి చట్టం’ కూడా సగమే సరి.

నా మొగ్గు ‘ఉమ్మడి న్యాయం’ వైపు. అయితే ఉమ్మడి పౌరస్మృతి గురించి వాదనలు నడుస్తున్న ఈ రోజుల్లో పాఠకులు రెండూ ఒకటే అనుకోవచ్చు. ఆ భయమున్న చోట ‘కామన్ లా’ అనే రాసి, పక్కన ఒక వాక్యం వివరణ ఇస్తే నేను తప్పుపట్టను.