మూలకణాలు ఇస్తే దాతకి ఏమైనా అవుతుందా? మా అన్నకి ఇచ్చినవాడిగా నా జవాబు

పొదిలి నుంచి ఒక చెల్లెమ్మ అడిగింది. వాళ్ల అన్నకి రక్త క్యాన్సర్, ఈ అమ్మాయి హెచ్‌ఎల్‌ఏ (దాత కణాలు రోగికి సరిపోతాయో లేదో చూసే గుర్తులు) పూర్తిగా కలిసింది. పెళ్లి కుదిరి ఉంది. కాబోయే అత్తగారివాళ్లేమో "మూలుగ తీయించుకుంటే రేపు పిల్లలు పుడతారో లేదో, జన్యువులు సరిచేసే వైద్యం వచ్చిందంటగా, అది చేయించండి" అంటున్నారట.

అమ్మా, మాది కావలి. 2019లో మా అన్నకి మూలకణాలు, అంటే మూలుగలో ఉండి రక్తకణాలన్నిటినీ పుట్టించే కణాలు, నేనే ఇచ్చాను. మా అమ్మకి మూలుగ అంటే ఆదివారం మాంసం కొట్లో అడిగి వేయించుకునే మూలుగ బొక్కే. అట్లా నా నడుం ఎముక పగలగొట్టి ఖాళీ చేస్తారనుకుని, మేం చెన్నై రైలెక్కేదాకా ఏడుస్తానే ఉంది.

నా ఎముకలో సూది పెట్టనే లేదు. (కొందరికి మత్తిచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు. నీకు ఏ పద్ధతో ముందే అడుగు.) ఐదు రోజులు పొట్ట చర్మం కింద, మూలుగలో కణాల్ని పెంచే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ వేశారు. మూలకణం మీద సీఎక్స్‌సీఆర్4 అని ఒక కొక్కెం లాంటిది ఉంటుంది. మూలుగలో ఊరే ఒక ప్రొటీన్‌ని దాంతో పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. ఇంజెక్షన్‌తో ఆ పట్టు సడలి కణాలు రక్తంలోకి దిగుతాయి. మూడో రోజు రాత్రి నడుమూ తొడలూ లోపల్నుంచి సలిపాయి, నిద్ర లేదు. పారాసిటమాల్‌తో తగ్గింది. ఇంజెక్షన్లు ఆపిన రెండు రోజులకి నొప్పి జాడే లేదు.

ఐదో రోజు యంత్రం దగ్గర నాలుగున్నర గంటలు. ఒక చేతి నుంచి రక్తం పోతుంది, కావాల్సిన కణాలు తీసుకుని మిగతాది రెండో చేతికి వస్తుంది. గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ ఒంట్లో కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. నాకు పెదాలు జివ్వుమన్నాయి, సిస్టర్ కాల్షియం బిళ్ల నమలమంది. నీకట్లా అనిపిస్తే ఓర్చుకోవద్దు, వెంటనే చెప్పు. చివరికి వచ్చింది పలుచటి టమాటా రసం రంగులో ఒక చిన్న సంచి. రోగి బరువులో కిలోకి కనీసం 20 లక్షల సీడీ34 కణాలు (ఆ పేరు గుర్తున్న మూలకణాలు) కావాలి. అన్న 52 కిలోలు, లెక్క వేస్తే పది కోట్లు దాటింది. మన ఒంట్లో ఎర్రకణాలే రోజుకి ఇరవై వేల కోట్లు పుడతాయి! 1961లో టొరంటోలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మూలుగ చచ్చిపోయిన ఎలుకలకి వేరే ఎలుకల మూలుగ ఎక్కిస్తే ప్లీహంలో చిన్న చిన్న గడ్డలు లేచాయి. ఒక్కో గడ్డా ఒకే కణం సంతానమని తర్వాత తేలింది. నువ్విచ్చింది నీలో మళ్లీ పూడేది, ఒక్క కణమే అన్ని కణాల్ని పుట్టించే ఆ గుణం వల్లే.

పిల్లల విషయం: ఇది గర్భసంచినీ అండాశయాల్నీ తాకే పని కాదు. ఇచ్చే రోజుల్లో మాత్రం గర్భం ఉండకూడదు, అందుకే పరీక్ష చేస్తారు. ఇది అత్తగారికి డాక్టర్ నోటితోనే చెప్పించు.

ఇక జన్యువుల వైద్యం. 2023లో మొదట బ్రిటన్ అనుమతించిన ఆ వైద్యం, క్యాస్‌జెవీ సికిల్ సెల్‌కీ తలసేమియాకీ, అంటే పుట్టుకతో వచ్చే రక్త జబ్బులకి. రోగి మూలకణాల్నే తీసి, క్రిస్పర్‌ అనే జన్యు కత్తెరతో సరిచేసి తిరిగి ఎక్కిస్తారు.    కానీ మీ అన్న జబ్బు వేరు. అక్కడ నీ తెల్లకణాలు మిగిలిన క్యాన్సర్ కణాల్ని పరాయివని గుర్తుపట్టి చంపాలి. సొంత కణాలు ఆ పని చేయలేవు కాబట్టే నిన్ను అడుగుతున్నారు.

మేం మొదట వెళ్లిన చోట ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు, ఒక్క ముక్కా చెప్పలేదు. ఆ కోపం నాకింకా ఉంది. నువ్వు తెలుగులో చెప్పించుకున్నాకే పెట్టు.

అన్నకి ఎక్కించాక పదిహేడో రోజున తెల్లకణాలు లేచాయి. పాత ఎర్రకణాలు ఉండేది నాలుగు నెలలేగా, అవి పోతూ పోతూ ఆయన బీ పాజిటివ్ కాస్తా నా ఓ పాజిటివ్ అయింది. ఇప్పుడు అన్న బండి లైసెన్స్‌తో పాటు జేబులో పెట్టుకునే చీటీ మీద నా గ్రూపే రాసుంటుంది.