‘తినీసినావా’ అని రాసిన వాడికి

శ్రీకాకుళం

బాబూ,

నీ కథ అందింది. ఆరు పేజీల్లో నీ వాచ్‌మన్ నోట ‘ఏటి’ అన్న మాట నలభై ఒక్కసారి వచ్చింది. పెన్సిలు పట్టుకుని లెక్కపెట్టాను. మీ నరసన్నపేట వైపు ఎంత మాటకారి అయినా అన్నిసార్లు అనడు. ఆ మాట నువ్వు మీ వీధిలో విని రాసింది కాదు. సినిమాలో నవ్వించడానికి పెట్టిన వాచ్‌మన్ దగ్గర విని రాసింది. చాలా కోపం వచ్చింది. కాగితాలు బల్ల మీద పడేసి రెండు రోజులు వాటి వంక చూడలేదు.

మూడో రోజు మళ్ళీ తీశాను. నాలుగో పేజీలో ఆ ఫోను ఉంది. ఊరి నుంచి అమ్మ చేస్తుంది. ‘తినీసినావా’ అంటుంది. కొడుకు ‘ఊఁ’ అంటాడు. ‘అయితే నానూ తింతాను’ అని పెట్టేస్తుంది. నాలుగంటే నాలుగు లైన్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

‘తిన్నావా’ అని ఎవరైనా అడుగుతారు. ‘తినీసినావా’ అంటే అడగడం వేరు. ఆ పని పూర్తయిపోయిందా, ఇక నీ గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదా, నేను కంచం ముందు కూర్చోవచ్చా అని అడగడం. ఆ ‘ఈసి’లో ఇదంతా ఉంది. పత్రికల తెలుగులో ఇది చెప్పాలంటే ఒక పేరా పడుతుంది. రెండో ఆట వదిలాక ఒంటిగంటకు నేను ఇంటికి చేరితే మా అమ్మ తలుపు తీస్తూ అడిగేది ఇదే. హోటల్లో తినొచ్చానని చెప్పిన రోజున తన అన్నంలో నీళ్ళు పోసేసి పడుకునేది.

రెండో ఆట అన్నానుగా. 1974లో నేను ఇక్కడే ఒక సినిమా హాల్లో గేటు దగ్గర పనిచేసేవాణ్ణి. టిక్కెట్లు చింపడం, ఇంటర్వెల్ అయ్యాక సోడా సీసాలు ఏరడం, ఆఖర్న నేల ఊడవడం. ఒకే సినిమా ముప్పై సార్లు వింటే బొమ్మ మీద ధ్యాస పోయి చెవి మిగులుతుంది. హీరోది ఒక తెలుగు. డాక్టరుది, జడ్జిది అదే తెలుగు. మన మాట పాలేరుకి, జేబుదొంగకి. వాడు నోరు తెరవగానే నేల నుంచి కుర్చీ దాకా నవ్వు.

ఒక మధ్యాహ్నం మా నాన్న ఆమదాలవలస దగ్గర మా ఊరి నుంచి ధాన్యం బండి తోలుకొచ్చి, పని అయ్యాక సినిమా చూస్తానన్నాడు. నేలలో కూర్చోబెట్టాను. తెర మీద పాలేరు తలపాగా విప్పి ‘నానెల్తాను బాబూ’ అన్నాడు. హాలంతా నవ్వింది. మా నాన్న కూడా నవ్వాడు, పక్కవాడి వీపు చరిచి మరీ నవ్వాడు. ఆట అయ్యాక బండి కట్టుకుని, నా వైపు తిరిగి, ఒక్క క్షణం ఆగాడు. ‘వెళ్తాన్రా’ అన్నాడు. పుట్టిన తర్వాత ఆయన నోట ఆ మాట ఆ రూపంలో నేను వినలేదు. నా ముందు, కన్నకొడుకు ముందు, మా నాన్న తన మాట మింగేశాడు.

దాన్నే కథగా రాశాను. 1979లో ఒక వారపత్రిక వేసింది. చూసుకుంటే, పాఠకులకు అర్థం కాదని సంపాదకుడు మా నాన్న మాటలన్నీ సాపు చేసేశాడు. మొదటి పేజీ నుంచే ఆయన ‘నేను వెళ్తాను’ అంటున్నాడు. ఇంక ఆఖరి లైన్లో ఏముంది? బండాయన వెళ్తానని చెప్పి వెళ్ళిపోయాడు, అంతే. ‘ముగింపు బలహీనంగా ఉంది’ అని పాఠకుల ఉత్తరాలు వచ్చాయి. తెర మీది పాలేరు మాట మాత్రం దిద్దలేదు. అది హాస్యం కదా, ఉండనిచ్చారు. 2001లో ఆ పత్రికే మాండలికాల ప్రత్యేక సంచికకు కథ అడిగింది, కాస్త నవ్వు వచ్చేలా ఉంటే బాగుంటుందని. నేను పంపలేదు. ఈరోజుకీ ఆ పత్రిక కొనను.

ఇప్పుడు గాలి మారిందంటారు. హీరోలే మన యాస మాట్లాడుతున్నారు, రీల్స్ నిండా మన మాటే. నన్ను కూడా వేదికలెక్కించి, శాలువా కప్పి, ‘మీ యాసలో రెండు ముక్కలు’ అంటారు. ఇన్నాళ్ళూ గుమ్మం బయట నిలబెట్టినవాళ్ళే. ఆ సినిమాలు నేనూ చూస్తాను. హీరో మన మాట మాట్లాడతాడు, అదే వీధిలో పుట్టిన అతని ప్రియురాలు మాత్రం ఎక్కడిదో తెలుగు మాట్లాడుతుంది. ప్రేమించదగ్గ ఆడపిల్ల నోట మన మాట ఇంకా చెల్లదన్నమాట. తప్పెటగుళ్ళకు పట్టిన గతే దీనికీ పట్టింది. గుండెకు రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని తెల్లవార్లూ కథ నడిపే మనుషులు వాళ్ళు. ఇప్పుడు అమ్మవారి సంబరంలో వాళ్ళ చోటు డీజే పెట్టెలది. పెద్దవాళ్ళు కారు దిగేటప్పుడు దారికి అటూ ఇటూ నిలబడి పది నిమిషాలు వాయించడానికి మాత్రం పిలుస్తారు. నీ కథలో మన మాటను అలా దారి పక్కన నిలబెట్టకు.

గురజాడ ఈ పని ఎప్పుడో చేసి చూపించాడు. విజయనగరంలో కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో. అందులో ఎవరి మాట వాళ్ళది. గిరీశం ఇంగ్లీషు ముక్కలకూ నవ్వుతాం, కానీ ఆ నవ్వు మనిషి బుద్ధికి, యాసకు కాదు. గిడుగు ఇంకా ముందుకు వెళ్ళాడు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ కొండమీది సవరల మాట నేర్చుకుని, ఆ భాషలోనే పిల్లలకు పుస్తకాలు రాశాడు. ఎదుటివాడి మాట నవ్వుకోవడానికి కాదు, నేర్చుకోవడానికి అనుకున్నాడు. ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండ వేసి, ఊరివాడికి అర్థం కాని తెలుగులో ఉపన్యాసాలు ఇస్తున్నాం. నాకు కడుపు మండిపోతుంది. ఈ ఉత్తరం కూడా నేను పత్రికల తెలుగులోనే రాస్తున్నాను. నలభై ఐదేళ్ళు చెయ్యి అలా తిరిగిపోయింది. నీకు ఇంకా తిరగలేదు.

సంక్రాంతికి వస్తావుగా. కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, 1997లో తెలుగు కథల కోసం పెట్టిన లైబ్రరీ, కథానిలయం ఇక్కడే ఉంది, ఒక పూట కూర్చో. చాసో (చాగంటి సోమయాజులు) కథలు తీసి ఒక్కో మాట దగ్గర ఎంత పొదుపు చేశాడో చూడు. పోటీకి పంపాలా, ముందుమాట రాస్తారా అని ఏవో అడిగావు. వాటి సంగతి ఇప్పుడు కాదు.

నీ కథ చెబుతున్నది ఎవరు? ఆ వాచ్‌మన్ ఊరివాడే కదా! ఇద్దరూ ఒకే బోరింగు నీళ్ళు తాగారని నువ్వే రాశావు. మరి కథకుడిది పత్రిక తెలుగు, వాచ్‌మన్‌ది ‘ఏటి’ ఎందుకయింది? ఆ కథకుడు ఎప్పుడు, ఎవరి ముందు తన మాట వదిలేశాడో కథలో ఎక్కడా లేదు. ఆ నలభై ఒకటీ కొట్టెయ్. వాచ్‌మన్‌ని మామూలుగా మాట్లాడనీ. తర్వాత నాలుగో పేజీ దగ్గరకు రా. అమ్మ అంత మాట అడిగితే కొడుకు ‘తినీసినానమ్మా’ అనలేదు, ‘ఊఁ’ అన్నాడు. నువ్వు ఆలోచించి రాశావో, చేతికి అలా వచ్చిందో నాకు తెలియదు. ఆ ‘ఊఁ’ అన్నప్పుడు అతని గదిలో ఇంకా ఎవరున్నారో రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు