పాత జీపు కొన్న మేనకోడలికి

చి. నీలిమకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పాత జీపు కొన్నావని, డిసెంబరులో దాన్ని వేసుకుని హైదరాబాదు నుంచి లంబసింగి వస్తావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్పడం ఏముంది, అరగంట నన్ను తిట్టింది. "అన్నీ నీ బుద్ధులే వచ్చాయి దానికి" అంది. తిట్లు తింటూనే లోపల మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యకి ఆ కబురు పక్కింటివాళ్ళకి కూడా వినబడేలా చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఏ మోడలు అని అడిగితే మీ అమ్మకి తెలీదు. "మహీంద్రా, ఆకుపచ్చది, కిందనుంచి ఏదో శబ్దం వస్తోందట" అంది. ఆ శబ్దం కోసమే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే "సరే మామయ్యా" అనేసి పెట్టేస్తావు.

ఆయిళ్ళు మార్పించు, టైర్లలో గాలి చూడు, బ్రేకులు అన్నిటికంటే ముందు చేయించు. ఈ మాటలు నీకు ఎవరైనా చెబుతారు.

ఎవరూ చెప్పనిది ఒకటుంది. పాత జీపుకి కొంత కూత సహజం. 1941లో విల్లీస్ యుద్ధపు జీపుకి పెట్టిన స్పైసర్ 18 రకం ట్రాన్స్‌ఫర్ కేసే, అంటే గేర్ బాక్సు పవరుని ముందు వెనక ఇరుసులకి పంచే పెట్టే, చాలాకాలం ఆ వంశంలో నడిచింది. అందులో వెనక చక్రాలకి వెళ్ళే పవరు కూడా మధ్యలో ఇంకో గేరు పళ్ళ మీదుగా వెళ్ళాల్సిందే. నువ్వు ఫోర్ వీల్ వేసినా వేయకపోయినా ఆ పళ్ళు తిరుగుతూనే ఉంటాయి, గుయ్‌మంటూనే ఉంటాయి. కాబట్టి కూత ఉందని కంగారు పడకు. అసలు కూతే లేని పాత జీపుని చూస్తే నాకు అనుమానం. వెనక ఇరుసు మధ్య గేర్లుండే గుండ్రటి పెట్టె ఉంటుందే, ఆ హౌసింగులో రంపపు పొట్టు కలిపిన ఆయిలు పోసి అమ్మే ఘనులు ఉన్నారు. ఆయిలు ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడు. ప్లగ్గుకి అయస్కాంతం ఉంటే దానిమీద బూడిదరంగు ముద్ద సన్నగా అంటుకుని ఉండటం మామూలే. గోటికి తగిలే ముక్కలు వస్తే గేరు పళ్ళో బేరింగో పగులుతున్నట్టు. ఆయిలు పాలు కలిపిన టీలా ఉంటే నీళ్ళు దిగాయి, అమ్మినవాడు ఏ గెడ్డలోనో దించి ఉంటాడు. గేర్ బాక్సులో ఆయిలు తగ్గి ట్రాన్స్‌ఫర్ కేసులో పెరిగితే రెండింటి మధ్య సీలు పోయింది. అది కూడా చూసుకో.

ఇక శబ్దం ఎక్కడిదో పట్టుకోవడం. ఏ మెకానిక్కూ స్పానరు పట్టకముందే ఈ పని నువ్వు చేయాలి. ఎందుకంటే వాడి దగ్గరికి వెళ్ళి "వెనక శబ్దం వస్తోంది" అంటే వాడు హౌసింగు విప్పుతాడు. "నలభైలో ఆక్సిలరేటర్ వదిలితే పోతోంది, తొక్కితే వస్తోంది" అంటే ఆలోచిస్తాడు.

ఆదివారం పొద్దున్నే ట్రాఫిక్ లేని సమతలం రోడ్డు ఒకటి చూసుకో. నడపడానికి ఇంకొకరిని పెట్టి నువ్వు వెనక కూర్చో. టైర్ల హోరుని ముందు వేరు చెయ్. మడ్ టైర్లయితే తారు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఇంకోలా అరుస్తాయి. గేర్లకీ బేరింగులకీ రోడ్డుతో పని లేదు. తర్వాత ఒకే స్పీడులో మూడో గేరు, నాలుగో గేరు మార్చి విను. గేరు మారగానే కూత స్థాయి మారిపోతే ఇంజను, క్లచ్చు, గేర్ బాక్సు వైపు వెతుకు. మారకుండా బండి స్పీడునే పట్టుకుని ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనక్కి. మూడులో గరగరమని నాలుగులో తగ్గిపోతే గేర్ బాక్సు కింది షాఫ్టు బేరింగుల్ని అనుమానించు, నాలుగులో పవరు నేరుగా పోతుంది గనక ఆ షాఫ్టు మీద బరువు ఉండదు.

తొక్కినప్పుడు మాత్రమే కూసి, వదిలితే ఆగితే హౌసింగు లోపలి గేర్ల జత, క్రౌన్ పినియన్ పళ్ళు. రెండు విధాలా గరగర ఉంటే బేరింగులు. స్టీరింగు కొద్దిగా ఎడమకి తిప్పితే హోరు పెరిగిందా, బరువు కుడివైపు పడుతుంది గనక కుడి చక్రం బేరింగు చూడు. కుడికి తిప్పితే ఎడమది. ముందు చక్రాల నడిమి హబ్బులకి, చక్రాన్ని ఇరుసుతో కలిపే లాకులుంటే ఓసారి వదిలేసి నడుపు, శబ్దం పోతే దోషం ముందు ఇరుసులోనో, దానికి పవరు తీసుకెళ్ళే పొడుగు షాఫ్టు అయిన ముందు ప్రొపెల్లర్‌లోనో ఉన్నట్టు. హబ్బుల లాకులు లేకపోతే ముందు ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టి నడిపి చూడు. విప్పేముందు షాఫ్టు చివర బిగించే ఫ్లాంజి బిళ్ళకీ షాఫ్టుకీ పెయింటుతో గుర్తు పెట్టు, సుద్దతో పెడితే చెరిగిపోతుంది. ఒకదాంట్లో ఒకటి జారే స్లిప్పు జాయింటు దగ్గర షాఫ్టు రెండు ముక్కలుగా ఊడి వస్తే మళ్ళీ అదే వరసలో కలవాలి. రెండు చివరలా ఫోర్కుల్లా ఉండే యోకులూ ఒకే గీతలో లేకపోతే, లేని వణుకుని నువ్వే తెచ్చిపెట్టినట్టు.

ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పి, బండి గుంజుకుంటోందని కంగారు పడకు. ముందు ఇరుసు, వెనక ఇరుసు మలుపులో సమానంగా తిరగవు, మధ్యలో సర్దే డిఫరెన్షియల్ దీనికి లేదు. రాళ్ళలో, బురదలో వెయ్. తారు మీద తీసెయ్. లివరు బిగుసుకుంటే కొంచెం వెనక్కి పోనిస్తే వదులుతుంది.

ఇప్పుడు కిచకిచ సంగతికి వస్తాను. కూత, హోరు, గరగర అన్నీ టైము ఇస్తాయి. నన్ను నిద్ర పోనివ్వనిది కిచకిచ. నడక వేగంలో, గోడ పక్కగా వెళ్తున్నప్పుడు, పిచ్చుక అరిచినట్టు వస్తుంది. స్పీడు పెరిగితే మిగతా చప్పుళ్ళలో కలిసిపోతుంది. అది ప్రొపెల్లర్ చివర జాయింటులో ఉండే ప్లస్ ఆకారపు ముక్క, క్రాసు, గ్రీజు లేక ఎండిపోయిన శబ్దం.

మీ నాన్న ఈ కథ నీకు చెప్పి ఉండడు. నువ్వు పుట్టకముందు బావ ఒక జీపు తీసుకుని నర్సీపట్నం, చింతపల్లి మధ్య తిప్పేవాడు. సంతరోజున పైకి జనం, కిందికి పసుపు బస్తాలు. డీజిలు కలిసొస్తుందని ముందు ప్రొపెల్లర్ విప్పించేశాడు. ఆ రోజుల్లో అందరూ చేసేవాళ్ళు. ఆ వర్షాకాలంలో కిచకిచ మొదలైంది. కమాను కట్టలు అరుస్తున్నాయని వాటిమీద పాత ఇంజనాయిలు పోశాడు. ఆగలేదు. విశాఖలో ఎవరో మేస్త్రీ హౌసింగు విప్పి, క్రౌన్ పినియన్ అయిపోయిందని సెకండ్‌హ్యాండు సెట్టు వేశాడు. డబ్బంతా అక్కడే ఊడ్చుకుపోయింది. బండి బయటికి వచ్చాక కూడా కిచకిచ ఉంది. అయినా బావకి అది వినబడలేదు. అంత డబ్బు పోసినవాడికి ఎలా వినబడుతుంది? "కొత్త పళ్ళు కదా, కుదురుకుంటున్నాయి" అనేవాడు. తర్వాత టక్‌మనడం మొదలైంది, గేరు వేసి క్లచ్చు వదిలినప్పుడల్లా. తర్వాత కిచకిచ ఆగిపోయింది. ఆగిందని సంబరపడ్డాడు. అరవడానికి అందులో ఇంకేమీ మిగల్లేదని తెలీదు.

లంబసింగి నుంచి దిగుతుంటే, డౌనూరు ఇంకా కింద ఉందనగా, వెనక ప్రొపెల్లర్ ముందు చివర క్రాసు విరిగింది. షాఫ్టు రోడ్డు మీద పడి, ఈడ్చుకుపోతూ వంగిపోయింది. బావ రెండో గేరులోనే ఉన్నాడు, కానీ ఇంజనుకీ చక్రాలకీ సంబంధం తెగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగాడు. ఆ జీపు హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర పట్టదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉన్న డ్రమ్ముని పడుతుంది. షాఫ్టే లేనప్పుడు డ్రమ్ముని ఎంత బిగించి ఏం లాభం? ముందు ప్రొపెల్లర్ ఉండి ఉంటే ఫోర్ వీల్ లివరైనా లాగి చూసేవాడు. అది షెడ్డులో గోడకి ఆనించి ఉంది. మిగిలింది కాలి బ్రేకు ఒక్కటే. బస్తాల బరువుకి డ్రమ్ములు కాలి, పెడలు కిందికి దిగిపోతోంది. బావ లోయ వైపు చూడకుండా కొండ వైపు కాలువలోకి తిప్పేశాడు. ఆ ఒక్క పని సరిగ్గా చేశాడు. బండి పక్కకి ఒరిగింది. రోడ్డంతా పసుపు కొమ్ములు. వాన ముసురు పట్టినప్పుడల్లా మీ నాన్న ఎడమ మణికట్టు పట్టుకుని కూర్చుంటాడు చూడు, క్రికెట్ దెబ్బ అని చెబుతాడే, అది ఆ కాలువలో తగిలింది.

సాయంత్రానికి నేను వెళ్ళాను. రోడ్డు మీద క్రాసు కొసకి తొడిగే కప్పు ఒకటి దొరికింది. అందులో చుట్టూ సన్నటి సూదుల్లాంటి రోలర్లు వరసగా ఉండాలి. బోర్లిస్తే అరచేతిలో ఎర్రమట్టి లాంటి పొడి పడింది, దానిలో రెండు మూడు విరిగిన సూదులు. గ్రీజు జాడ లేదు. గ్రీజు గన్నుతో నాలుగు పోట్లు కొడితే సరిపోయేది. బావని తిట్టాలనే వెళ్ళాను. కట్టు కట్టించుకుని టీ కొట్టు దగ్గర కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి "మీ చెల్లికి చెప్పకు" అన్నాడు. ఇన్నాళ్ళూ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

కాబట్టి తల్లీ, బ్రేకులు చేయించాక, మిగతావి తర్వాత చేసినా ఇది ముందు చెయ్. బండిని సమతలంలో ఆపు. నాలుగు చక్రాలకీ ముందూ వెనకా చెక్క ముక్కలు పెట్టు, రాళ్ళు జారతాయి. హ్యాండ్ బ్రేకుని నమ్మి బండి కిందికి దూరావని తెలిస్తే నేనే వచ్చి ఆ జీపు అమ్మేస్తాను. గేరులో పెట్టాను కదా అనుకోకు. ట్రాన్స్‌ఫర్ లివరు న్యూట్రల్‌లో ఉంటే ఫస్ట్ గేరు కూడా బండిని ఆపదు. ప్రొపెల్లర్ విప్పిన బండి అయితే చెప్పనే అక్కర్లేదు.

కిందికి వెళ్ళాక క్రాసుకి ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి వేసి ఎదురెదురుగా తిప్పు. ఆ రెంటి మధ్య కొంచెం కదిలినా క్రాసు పోయింది. క్రాసు గట్టిగా ఉండి షాఫ్టూ ఫ్లాంజీ కలిసి కాస్త ఆడితే అది హౌసింగు లోపలి ప్లే, గేరు పళ్ళ మధ్య సందు. కొంత ఉంటుంది, ఉండాలి కూడా. హౌసింగు మూతి దగ్గరి పినియన్ ఫ్లాంజిని పైకీ కిందికీ ఊపి చూడు, అలా మాత్రం కదలకూడదు. కప్పుల అంచుల్లో ఇటుక రంగు పొడి కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు, మార్చెయ్. గ్రీజు గన్ను పెట్టే నిప్పిల్ ఉంటే నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టు. మూడింటి నుంచి వచ్చి ఒకదాని నుంచి రాకపోతే ఆ ఒక్కటే నిన్ను ముంచుతుంది. స్లిప్పు జాయింటుకీ కొట్టడం మరిచిపోకు. ఆగి బయల్దేరేటప్పుడు వచ్చే టక్ శబ్దం చాలాసార్లు అక్కడిదే, దానికోసం హౌసింగు విప్పించిన వాళ్ళని చాలామందిని చూశాను.

క్రాసులు కొనేటప్పుడు పాత కప్పు చేతిలో పట్టుకుని వెళ్ళు. మోడలు పేరు చెబితే షాపువాడు ఏదో ఒకటి ఇస్తాడు. నీకంటే ముందు బండి వాడినవాళ్ళు వేరేవి వేసి ఉండొచ్చు. రెండు చివరలకీ ఒకేసారి వేయించు. అవి వేశాక కూడా కప్పులు ఊడకుండా పట్టే సర్‌క్లిప్పులు గాడిలో పూర్తిగా కూర్చున్నాయో లేదో నీ కళ్ళతో చూడు, మేస్త్రీ మాట మీద వదలకు. వాడికి కోపం వస్తే రానీ.

నీ చేతికి గ్రీజు అంటితే కిరసనాయిలుతో కడగకు, చర్మం పాడైపోతుంది. కొబ్బరినూనె రాసి సబ్బుతో కడుక్కో. ఇది మీ అత్తయ్య రాయమంది.

ఘాట్ ఎక్కే ముందు నర్సీపట్నంలో నా షెడ్డు దగ్గర ఆగాలి. "టైము లేదు మామయ్యా" అంటే ఒప్పుకోను. ఒకసారి నేను కింద పడుకుని చూస్తాను, తర్వాత నువ్వు ఎక్కడికైనా వెళ్ళు. చీకట్లో, మంచులో ఎక్కొద్దు, కాస్త వెలుతురు వచ్చాక బయల్దేరు. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగు. మీ నాన్నని కూడా తీసుకురా. కాకపోతే ముందు సీట్లో కూర్చోబెట్టకు, దారి పొడవునా లేని బ్రేకు తొక్కుతూనే ఉంటాడు.

మీ మామయ్య