ఇంగువలో కూడా గోధుమేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి తొమ్మిదేళ్లు, పోయినేడు సీలియాక్ (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) అని తేలింది. అప్పట్నుంచి చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు అన్నీ మానేసి అన్నం, జొన్నరొట్టె, రాగి సంగటే పెడుతున్నా, అయినా టీటీజీ (ఈ జబ్బుకి చేసే రక్తపరీక్ష) ఇంకా ఎక్కువే ఉందన్నారు. మా అత్తగారేమో ఒక్క పూరీ ముక్కకి ఏమవుతుందిలే అంటారు. నేనెక్కడ తప్పు చేస్తున్నా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, టీటీజీ తగ్గడానికి కొందరికి ఏడాది పైనే పడుతుంది, కంగారొద్దు. కానీ ముందు మీ ఇంగువ డబ్బా వెనక చిన్నక్షరాలు చదవండి, మనం కొనే ఇంగువ చాలావరకు గోధుమపిండో మైదానో కలిపి చేసిందే, అంటే చారు పెట్టిన ప్రతిసారీ కాస్త పడుతున్నట్టే. బియ్యప్పిండి కలిపిందీ దొరుకుతుంది, అది తెచ్చుకోండి.

రెండోది పిండి మర. జొన్నలు మీరెంత శుభ్రంగా కడిగి ఎండబెట్టి పట్టుకెళ్లినా మీకంటే ముందు ఎవరో గోధుమలు ఆడించుకునుంటారు కదా, ఆ పిండి రాళ్ల మధ్యే ఉండిపోయి ముందు మీ డబ్బాలోకే రాలుతుంది. ఇంట్లో మిక్సీ పట్టుకోండి, జల్లెడ కూడా విడిగా పెట్టుకోండి. ఉప్మా రవ్వ గోధుమది, ఇడ్లీ రవ్వ బియ్యంది, ఈ రెండూ కలవనివ్వొద్దు. పాలల్లో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది, అదీ పనికిరాదు.

ఇక అత్తగారికి చెప్పండి, గ్లూటెన్ ఫ్రీ అని ప్యాకెట్ మీద వేయాలంటే అందులో గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో రూలు, పూరీ ముక్కలో అంతకి ఎన్నో రెట్లు ఉంటుంది. నొప్పి రాకపోయినా లోపల పేగు గోడ దెబ్బతింటూనే ఉంటుంది.

అన్నట్టు పాపకి అన్నో చెల్లో ఉంటే వాళ్లకీ టెస్ట్ చేయించండి, అదయ్యేదాకా వాళ్లకి గోధుమ మాన్పించొద్దు, మానేస్తే టెస్ట్‌లో సరిగా తేలదు.