జాన్ స్నో తల్లి ఎవరో అభిమానులు ముందే ఎలా పసిగట్టారు?

1996లో వచ్చిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవల 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' చదివినవాళ్లలో కొందరు తొలి ఏళ్లలోనే ఒక లెక్క కట్టారు: కథలో అందరూ అనుకుంటున్నట్టు జాన్ స్నో ప్రభువు నెడ్ స్టార్క్ కొడుకు కాదు, నెడ్ చెల్లెలు లియానాకూ యువరాజు రేగార్‌కూ పుట్టినవాడు. టీవీ సిరీస్ ఆ సంగతి తేల్చింది 2016లో.

ఆధారాలు పుస్తకంలోనే ఉన్నాయి. నాకు అన్నిటికంటే గట్టిగా అనిపించేది నెడ్ కల. లియానా చావుబతుకుల్లో ఉన్న బురుజు ముందు ముగ్గురు కింగ్స్‌గార్డ్ యోధులు నిలబడి ఉంటారు. రాజునూ రాజకుటుంబాన్నీ కాపాడటమే వాళ్ల పని. అప్పటికే రాజు పోయాడు, అతని కొడుకు రేగార్ పోయాడు. రాణి, చిన్న కొడుకు విసేరిస్‌తో డ్రాగన్‌స్టోన్ అనే దీవి కోటలో తలదాచుకుంది. అయినా వీళ్లు అక్కడికి వెళ్లలేదు, చచ్చేదాకా ఆ గుమ్మం వదల్లేదు. మరి లోపల ఉన్నది ఎవరు?

ఇక నీలి గులాబీలు. హారెన్‌హాల్ పోటీల్లో గెలిచిన రేగార్, కట్టుకున్న భార్యను దాటి వెళ్లి ఆ పూల కిరీటాన్ని లియానా ఒడిలో పెడతాడు. రెండో నవలలో మాంత్రికుల ఇంట్లో రేగార్ చెల్లెలు డెనేరిస్‌కు మంచుగోడ పగులులోంచి మొలిచిన నీలి పువ్వు కనిపిస్తుంది. ఆ మంచుగోడ దగ్గర కాపలా దళంలో ఉన్నది జాన్! ఈ కథలో భవిష్యవాణి ఎక్కువగా ఇలాగే ఉంటుంది: జవాబు చెప్పదు, బొమ్మ చూపించి వదిలేస్తుంది. పాఠకులకు ఊహించే చోటు అక్కడే దొరుకుతుంది.

అన్నట్టు, 2011లో వచ్చిన ఐదో నవల వరకూ రచయిత ఈ మాట నేరుగా ఎక్కడా రాయలేదు.